ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో గజ్జి, ఎగ్జిమా ఎందుకు మొండికేస్తాయి

గజ్జి పురుగు మనిషిని ఎంచుకోదు. ఒకరి చర్మం నుంచి మరొకరి చర్మానికి చేరే సందు దొరికితే చాలు, శుభ్రంగా ఉండేవారా లేనివారా, ఉన్నవారా లేనివారా అన్న తేడా లేకుండా ఎవరి ఒంట్లోనైనా కాపురం పెడుతుంది. కాబట్టి శ్రద్ధాలోపం, అతిచురుకుదనం కలిసిన ఏడీహెచ్‌డీ అనే నాడీవికాస సమస్య ఉన్నవారి చర్మమంటే దానికి ప్రత్యేకమైన ఇష్టమేదో ఉందని అనుకోవడానికి ఆధారం లేదు. అయితే వ్యాధి సోకడం వేరు, సోకిన తర్వాత అది నడిచే దారి వేరు. మైట్లు అనే, కంటికి సరిగా ఆనని పురుగుల వల్ల వచ్చే చర్మశోథను, అంటే చర్మపు మంటనూ వాపునూ, గుర్తించడానికీ నయం చేయడానికీ రోగి వైపు నుంచి ఏయే సామర్థ్యాలు కావాలో ఒక్కొక్కటిగా చూస్తే, దాదాపు అవన్నీ ఏడీహెచ్‌డీలో బలహీనపడే సామర్థ్యాలే. సమయాన్ని గుర్తుపెట్టుకోవడం, చెప్పిన పనిని అదే వరుసలో చివరిదాకా చేయడం, వారం తర్వాత చేయాల్సినదాన్ని మరిచిపోకుండా చేయడం, చెయ్యి దురదవైపు పోకుండా ఆపుకోవడం వాటిలో ముఖ్యమైనవి. ఇక్కడి చిక్కంతా ఈ పొంతన కుదరకపోవడంలోనే ఉంది. దీన్ని రోగి నిర్లక్ష్యమనో, తల్లిదండ్రుల అశ్రద్ధ అనో కొట్టిపారేయడం అన్యాయం, వైద్యపరంగా కూడా తప్పు.

మనిషి చర్మంతో సంబంధం ఉన్న మైట్లలో మూడు రకాలను ప్రధానంగా చెప్పుకోవాలి. ముఖం మీది రోమకూపాల్లో, కనురెప్పల మొదళ్లలో ఉండే డెమోడెక్స్ చాలామంది పెద్దవారిలో ఏ హానీ చేయకుండానే బతుకుతుంది. బాగా పెరిగిపోయినప్పుడు ముఖం ఎర్రబడే రోజేషియా అనే జబ్బుకూ కనురెప్పల వాపుకూ దోహదం చేస్తుంది. ఈ చర్చలో దానికి పెద్దగా చోటు లేదు. మిగిలిన రెండింటిలో ఒకటి గజ్జి కలిగించే సార్కాప్టెస్ స్కేబియై, మరొకటి పరుపుల్లోనూ దిండ్లలోనూ ఉంటూ అలర్జీ రేపే దుమ్ము మైట్. మొదటిది చర్మంలోకి తొలుచుకుని పోతుంది. రెండోది మనిషి చర్మం మీద బతకదు, కానీ అది వదిలే పదార్థాలు చర్మాన్ని మండిస్తాయి.

గజ్జి సంగతి ముందు చూడాలి, ఎందుకంటే అది పూర్తిగా నయమయ్యే వ్యాధి, అయినా నెలల తరబడి ఇంట్లో తిష్ఠవేయగలిగిన వ్యాధి. ఇటలీలోని లివోర్నోలో జొవాన్ని కోసిమో బొనోమో, దియాచింతో చెస్తోని 1687లోనే సూక్ష్మదర్శినితో ఈ పురుగును చూసి, గజ్జికి కారణం ఇదేనని రాశారు. వైద్యలోకం మాత్రం దాన్ని గట్టిగా ఒప్పుకోవడానికి 1834 దాకా ఆగింది. ఆ ఏడాది పారిస్‌లో రెనూచి అనే కోర్సికా విద్యార్థి, తన ప్రాంతపు పల్లె స్త్రీలు చేసినట్టే, సూది మొనతో పురుగును బయటికి తీసి అందరి ముందూ చూపించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో 2017లో చేర్చింది. ఏ సమయంలో లెక్కించినా ప్రపంచంలో సుమారు 20 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంటుందని ఆ సంస్థ అంచనా.

వేళ్ల సందుల్లో, మణికట్టు లోపలివైపు మంచి వెలుతురులో నిశితంగా చూస్తే, సెంటీమీటరుకు మించని వంకరటింకర సన్నని గీత ఒకటి కనిపించవచ్చు. అది ఆడ పురుగు చర్మపు పైపొరలో తవ్విన సొరంగం. గీతకు ఒక చివర ఉన్న చిన్న చుక్కే ఆ పురుగు. మిల్లీమీటరులో మూడో వంతు నుంచి సగం లోపు ఉండే ఆ ప్రాణి, చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోపు కింద ముదురు రంగు చిన్న త్రిభుజంలా కనిపిస్తుంది. రోజుకు రెండు మూడు గుడ్ల చొప్పున పెడుతూ నెల, నెలన్నర బతుకుతుంది. గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పిగిలి, రెండు వారాల్లోపు పెద్ద పురుగులవుతాయి. ఒళ్లంతా దద్దుర్లతో, గోకిన గాట్లతో నిండిపోయిన మనిషి మీద కూడా సాధారణంగా పది పదిహేను పురుగులకు మించి ఉండవు. అంటే దురద పురుగు కుట్టడం వల్ల కాదు. దాని లాలాజలం, గుడ్లు, మలం పట్ల శరీరం చూపే అలర్జీ ప్రతిస్పందనే ఆ దద్దుర్లకూ దురదకూ మూలం.

ఈ ప్రతిస్పందన మొదలవడానికి, మొదటిసారి సోకినవారిలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మళ్లీ సోకితే మాత్రం ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద పుడుతుంది. ఈ ఆలస్యం వల్ల, దురద లేని రోజుల్లోనే పురుగు ఇంట్లో మరొకరికి అంటుకుంటుంది. రోగ నిర్ధారణ కూడా చాలావరకు రోగి చెప్పే కథ మీదనే ఆధారపడుతుంది. దురద ఎప్పుడు మొదలైంది, రాత్రిపూట పెరుగుతుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఈ మధ్య ఎవరి దగ్గర పడుకున్నారు అన్నవి వైద్యుడు మొదట అడిగే ప్రశ్నలు. అంతర్జాతీయ నిపుణుల కూటమి రూపొందించి 2020లో ప్రచురించిన నిర్ధారణ ప్రమాణాల్లోనూ దురద, సంపర్క చరిత్ర ముఖ్యమైన ఆధారాలు. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో చాలామందికి కాలం లెక్క సరిగా అందదు. రెండు వారాల కిందటి సంగతి, రెండు నెలల కిందటి సంగతి ఒక్కలాగే తోస్తాయి. ‘ఎప్పటి నుంచో ఉంది, మధ్యలో తగ్గింది అనుకుంటా’ అన్న సమాధానంతో వైద్యుడికి గజ్జి తట్టకపోవచ్చు. కేసు చీటీ మీద ‘అలర్జీ’ అని రాసి పంపేస్తే ఇంకో నెల గడిచిపోతుంది.

పిల్లల విషయంలో ఈ జాప్యానికి మరో కారణం తోడవుతుంది. ఎప్పుడూ కదులుతూ, చేతులు కుదురుగా పెట్టని పిల్లవాడు గోక్కుంటూ ఉంటే, అది కూడా అతని స్వభావంలో భాగమేనని ఇంట్లోవారూ బడిలోవారూ అనుకుంటారు. మామూలు పిల్లవాడు గోక్కుంటే చొక్కా విప్పించి చూసేవారే, ఈ పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ‘చేతులు ఊరికే ఉండవు వీడికి’ అని మందలించి వదిలేస్తారు. ఒక రోగ నిర్ధారణ జరిగాక ఆ మనిషిలో కనిపించే ప్రతిదాన్నీ దానికే ముడిపెట్టడం వైద్యంలో పాత జబ్బే. దాని భారం ఎక్కువగా పడేది తమ బాధను మాటల్లో వివరంగా చెప్పలేని పిల్లల మీద.

నిర్ధారణ దాటాక అసలు పరీక్ష మొదలవుతుంది. గజ్జికి ఎక్కువగా వాడే మందు 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్. మందుచీటీ మీద అది ఒక్క వాక్యమే. ఆచరణలో ఆ వాక్యం ఎంత పనో ఒక రాత్రిని ఊహిస్తే తెలుస్తుంది. పడుకోబోయే ముందు ఒళ్లు శుభ్రంగా, పొడిగా, చల్లగా ఉండాలి. మెడ నుంచి అరికాళ్ల దాకా, చెవుల వెనక, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, చంకల్లో, బొడ్డులో, గజ్జల్లో, పిరుదుల మధ్య, ఒక్క చోటు కూడా వదలకుండా క్రీమ్ పట్టించాలి. పసిపిల్లలకైతే తలకూ ముఖానికీ కూడా వైద్యుడు చెప్పినట్టు రాయాలి. పెద్దవారికి ఒక్కసారికి సుమారు 30 గ్రాములు పడుతుంది. ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు అలాగే ఉంచాలి. మధ్యలో చేతులు కడిగితే, ఆ చేతులకు మళ్లీ రాయాలి. దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ అదే రాత్రి రాసుకోవాలి. పొద్దున లేచాక గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకడానికి వీల్లేనివాటిని కనీసం మూడు రోజులు సంచిలో గట్టిగా మూటకట్టి ఉంచాలి. వారం తిరిగాక ఇదంతా మళ్లీ చేయాలి.

జిడ్డుగా అంటుకునే క్రీమ్ స్పర్శనే భరించలేని పిల్లవాడు, పది నిమిషాలకోసారి మంచం దిగి కొళాయి దగ్గరికి వెళ్లే పిల్లవాడు, ఎడమ చేతికి రాస్తుండగా ఫోను మోగితే కుడి చేతి సంగతి మరిచిపోయే పెద్దమనిషి, ఈ రాత్రిని ఎలా దాటుతారో ఆలోచించాలి. వదిలేసిన వేళ్ల సందు ఒక్కటి చాలు, అక్కడ మిగిలిన పురుగు మళ్లీ సంతానాన్ని పెంచుకోవడానికి. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతినేది రెండో విడత. మొదటి విడత తర్వాత కొన్ని రోజులకు దురద కొంత తగ్గుతుంది. తగ్గిన బాధ గుర్తుండదు, గుర్తులేనిది జరగదు. కానీ రెండో విడత ఉన్నదే మొదటిసారి చావకుండా మిగిలిన గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగుల కోసం. అది తప్పితే నెల తిరిగేసరికి కథ మొదటికి వస్తుంది, వైద్యుడు మందు పనిచేయలేదనుకుంటాడు. పెర్మెత్రిన్‌కు లొంగని గజ్జి గురించి కొన్ని దేశాల్లో నిజమైన ఆందోళనే ఉంది. అయినా మందు ఓడిపోయిందని తేల్చే ముందు, మందు చెప్పినట్టుగా ఒంటికి చేరిందా అన్న ప్రశ్నను ఓపికగా, నిందించే స్వరం లేకుండా అడగాలి.

ఈ బాధ్యతంతా తల్లిదండ్రులు మోస్తారు కదా అనవచ్చు. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యపు పాలు చాలా ఎక్కువ. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలు దాన్ని 70 నుంచి 80 శాతం మధ్య చూపుతున్నాయి. అంటే పిల్లవాడికి ఏడీహెచ్‌డీ ఉన్న ఇంట్లో, తల్లికో తండ్రికో కూడా అదే సమస్య, తరచుగా ఎవరూ గుర్తించకుండానే, ఉండే అవకాశం తక్కువేమీ కాదు. ఇంటిల్లిపాదికీ ఒకే రాత్రి మందు పూయించి, దుప్పట్లన్నీ ఉతికించి, వారం తర్వాత తేదీ గుర్తుపెట్టుకోవాల్సిన మనిషికి కూడా ఆ పనే కష్టమైనది కావచ్చు. గజ్జి కుటుంబం మొత్తానికి చేయాల్సిన వైద్యం. ఏడీహెచ్‌డీ కుటుంబంలో ఒక్కరికే పరిమితం కాని సమస్య. ఈ రెండూ ఒకే ఇంట్లో కలిసినప్పుడు ముద్రించిన సూచనల కాగితం చేతికిచ్చి పంపితే సరిపోదు.

హాస్టళ్లలో చదివే పిల్లల పరిస్థితి మరీ కష్టం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లక్షలాది పిల్లలు సంక్షేమ వసతి గృహాల్లో, గురుకులాల్లో, ప్రైవేటు కళాశాలల హాస్టళ్లలో ఉంటారు. పక్కపక్కన పడకలు, మార్చుకునే తువ్వాళ్లు, కలిసి కప్పుకునే దుప్పట్లు గజ్జికి అనువైన చోట్లు. అక్కడ మందు పూయడానికి తల్లి ఉండదు. వార్డెన్ ట్యూబు ఇస్తాడు, పూసుకోవడం పిల్లవాడి బాధ్యత. ఏడీహెచ్‌డీ ఉండి ఎవరూ గుర్తించని పిల్లవాడు మందు సగం పూసుకుని మరిచిపోతే, గది మొత్తానికి మళ్లీ అంటుకుంటుంది. నింద మాత్రం అతని ‘అపరిశుభ్రత’ మీద పడుతుంది.

మన దగ్గర గజ్జిని ముదిరించే మరో అలవాటు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మిశ్రమ క్రీములు. బెటామెథాసోన్, క్లోబెటాసోల్ వంటి స్టెరాయిడ్లు కలిసిన ఈ క్రీములు రాసిన పూటే దురదను అణచివేస్తాయి, పురుగును మాత్రం ముట్టవు. దద్దురు రూపం మారిపోయి, గజ్జి గజ్జిలా కనిపించడం మానేస్తుంది. చర్మవైద్యుల సంఘాల పోరాటంతో 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలన్న నిబంధన కిందికి తెచ్చింది. అయినా అడిగినవారికి అవి దొరుకుతూనే ఉన్నాయి. రాయగానే ఉపశమనం ఇచ్చేదాని వైపు మొగ్గడం మనుషులందరిలోనూ ఉన్నదే. ఏడీహెచ్‌డీలో ఆ మొగ్గు మరింత బలంగా ఉంటుందని మనస్తత్వ పరిశోధనలు చెబుతున్నాయి. ఈ రాత్రి దురదను చల్లార్చే క్రీముకూ, రెండు వారాల తర్వాత ఫలితమిచ్చే వైద్యానికీ మధ్య ఎంపిక వచ్చినప్పుడు ఏది గెలుస్తుందో ఊహించడం కష్టం కాదు. సరైన వైద్యం జరిగాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుందని ముందే చెప్పకపోతే, ఆ దురదకు భయపడి పెర్మెత్రిన్‌నే రోజూ పూసి చర్మాన్ని మరింత మండించుకునేవారు కూడా ఉంటారు.

గోకిన చోట్ల చీము పట్టడం మామూలే. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా చేరిన పుండ్లు కొందరు పిల్లల్లో మూత్రపిండాల వాపుకు కూడా దారితీస్తాయి. అందువల్ల గజ్జిని ‘చిన్నపిల్లల దురద’గా తీసుకోకూడదు.

ఇక దుమ్ము మైట్ వైపు వస్తే, అక్కడ ఏడీహెచ్‌డీతో బంధం మరింత లోతైనది, అధ్యయనాల ఆధారం కూడా ఎక్కువ. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, స్పీక్స్మా బృందం 1960ల్లో ఇంటి దుమ్ములోని అలర్జీకి మూలం ఈ మైట్లేనని నిరూపించింది. రాలిన చర్మపు పొలుసులు తిని బతికే ఈ ప్రాణుల మలంలో డెర్ పీ 1 అనే ప్రోటీన్ ఉంటుంది. అది ప్రోటీన్లను కోసే ఎంజైము. చర్మకణాల మధ్య అతుకులను తెంచి లోపలికి దారి చేసుకోగలదు. పుట్టుకతోనే చర్మపు గోడ బలహీనంగా ఉన్నవారికి, ముఖ్యంగా ఆ గోడను గట్టిపరిచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం ఉన్నవారికి, ఇది మరింత హాని చేస్తుంది. ఆ జన్యువుకూ, సాధారణంగా ఎగ్జిమా అని పిలిచే అటోపిక్ డెర్మటైటిస్ అనే చర్మశోథకూ ఉన్న సంబంధాన్ని స్కాట్లండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు 2006లో వెల్లడించారు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటేనే దుమ్ము మైట్లు వృద్ధి చెందుతాయి. కాబట్టి విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లోని పరుపులు వాటికి ఏడాదిలో ఎక్కువ కాలం అనుకూలంగానే ఉంటాయి. ఉష్ణమండలంలో బ్లోమియా ట్రాపికాలిస్ అనే మరో మైట్ కూడా అలర్జీకి ముఖ్య కారణం.

ఈ ఎగ్జిమా ఉన్న పిల్లల్లో ఏడీహెచ్‌డీ ఎక్కువగా కనిపిస్తుందని జర్మనీలో యోఖెన్ ష్మిట్ బృందం 2009లో చూపింది. ఆ తర్వాత అనేక దేశాల్లో ఇదే సంబంధం కనబడింది. 2016లో అమెరికా సమాచారంతో సిల్వర్‌బర్గ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, తీవ్రమైన ఎగ్జిమాతో పాటు నిద్ర కూడా చాలని పిల్లల్లో ఏడీహెచ్‌డీ సంబంధం బాగా బలంగా తేలింది. అమెరికాలోనే 2021 జాతీయ ఆరోగ్య సర్వే సమాచారం మీద జరిగిన మరో విశ్లేషణ మరింత ఆలోచింపజేస్తుంది. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో జ్ఞాపకశక్తి ఇబ్బందులు అందరిలోనూ పెరగలేదు. ఏడీహెచ్‌డీయో అభ్యసన వైకల్యమో ముందే ఉన్న పిల్లల్లో మాత్రం ఆ ఇబ్బందుల అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువైంది. అంటే శ్రద్ధ ఇప్పటికే అంచున నడుస్తున్న పిల్లవాడి మీద చర్మవ్యాధి మోపే బరువు, తోటి పిల్లవాడి మీద మోపే బరువుకు సమానం కాదు.

ఈ అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయి, కారణాన్ని నిరూపించవు. అలర్జీ ప్రేరేపించే రసాయన సంకేతాలు ఎదిగే మెదడును తాకుతాయన్న వాదన ఒకటి ఉంది. ఉమ్మడి జన్యువుల వాదన మరొకటి. వాటిలో ఏది ఎంతవరకు నిజమైనా, ఎవరూ కాదనలేని మధ్యవర్తి ఒకటుంది, అది నిద్ర. రాత్రి శరీరంలో మంటను అణిచే కార్టిసోల్ హార్మోను తగ్గుతుంది, పడకలో చర్మం వేడెక్కుతుంది, దురద పెరుగుతుంది. పిల్లవాడు పూర్తిగా మేలుకోకుండానే గోకుతాడు, తెల్లారాక రాత్రి బాగా పడుకున్నానని కూడా చెబుతాడు. నిద్ర చాలని పెద్దవారు పగలు కునికిపాట్లు పడతారు. నిద్ర చాలని చిన్నపిల్లలు మాత్రం చాలాసార్లు అతిగా చురుకై, చిరాకుపడుతూ, ఒక్కచోట నిలవకుండా తిరుగుతారు. అది అచ్చం ఏడీహెచ్‌డీలా కనిపిస్తుంది.

ఈ రాత్రుల కోసం వాడే మందు కూడా పగటి శ్రద్ధను తినేస్తుంది. హిస్టమిన్ అనే అలర్జీ రసాయనాన్ని అడ్డుకునే మందుల్లో హైడ్రాక్సిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ వంటి మత్తు కలిగించే యాంటీహిస్టమిన్లు పిల్లల ఎగ్జిమాకు ఏళ్ల తరబడి విరివిగా రాస్తున్నారు. ఎగ్జిమా దురదలో హిస్టమిన్ పాత్ర పరిమితమైనది కాబట్టి వాటి వల్ల దురద పెద్దగా తగ్గదు, మగత మాత్రం మరునాటి ఉదయం దాకా ఉంటుంది. ఎగ్జిమా పిల్లల్లో ఏడీహెచ్‌డీ లక్షణాలు పెరగడానికీ, వారు గతంలో యాంటీహిస్టమిన్లు వాడి ఉండటానికీ మధ్య సంబంధం ఉందని ష్మిట్ బృందమే 2018లో చూపింది. చర్మానికి రాసే మందును, తేమనిచ్చే లేపనాన్ని సరిగా వాడి మంటను తగ్గించకుండా, పిల్లవాణ్ని మత్తుతో నిద్రపుచ్చడం తప్పుడు బేరం.

దుమ్ము మైట్ల మీద ఇంట్లో చేసే యుద్ధం విషయంలో కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. పరుపుకు మైట్లు దూరని తొడుగులు వేయడం, దుప్పట్లను 60 డిగ్రీల దగ్గరి వేడినీళ్లలో వారానికోసారి ఉతకడం, గది పొడిగా ఉంచడం మంచివే. కానీ వీటివల్ల ఎగ్జిమా ఎంత తగ్గుతుందన్న ప్రశ్నకు ఉన్న ఆధారం బలహీనమైనదని వైద్య అధ్యయనాలను కూడగట్టి తూచే కోక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష తేల్చింది. ఏడీహెచ్‌డీ ఉన్న కుటుంబానికి ఓపిక పరిమితంగా ఉంటుంది. ఆ ఓపికను రోజూ దుమ్ము దులపడం మీద ఖర్చు చేయించి, రోజుకు రెండు పూటలా లేపనం రాయడం మాత్రం జారిపోతే నష్టమే. ఏది తప్పనిసరో, ఏది వీలైతే చేయదగినదో వైద్యుడు విడదీసి చెప్పాలి. రక్తపరీక్షలో మైట్ల అలర్జీ ఉందని వచ్చినంత మాత్రాన ఎగ్జిమా అని తేల్చేయకూడదు. దుమ్ము మైట్, గజ్జి పురుగు దగ్గరి బంధువులు, ఒకదాని ప్రోటీన్లను గుర్తించే ప్రతిరక్షకాలు మరోదాన్నీ గుర్తించవచ్చు. అందుకే ఎగ్జిమా అనుకుంటున్న పిల్లవాడి వేళ్ల సందులు కూడా ఒకసారి చూడాల్సిందే.

పురుగు లేకుండానే పురుగు పాకినట్టు అనిపించే స్థితి మరొకటి ఉంది. ఏడీహెచ్‌డీ మందులతో అది ముడిపడి ఉంది కాబట్టి దాన్ని వదలలేము. మిథైల్‌ఫెనిడేట్ వంటి ఉత్తేజక మందులు, ఉత్తేజకం కాని అటమాక్సెటిన్ కోట్లాది మందికి మేలు చేసిన మందులు. వాటిపై జరిగిన ట్రయల్స్ సమాచారాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిపుణులు పరిశీలించి 2009లో ప్రచురించిన విశ్లేషణలో అరుదైన ఒక దుష్ఫలితం బయటపడింది. కొద్దిమంది పిల్లల్లో భ్రాంతులు కలిగాయి. వాటిలో పురుగులు, పాములు కనిపిస్తున్నట్టో ఒంటి మీద పాకుతున్నట్టో అనిపించినవి తరచుగా ఉన్నాయి. పురుగులు లేవని ఎంత చెప్పినా ఉన్నాయనే గట్టి నమ్మకాన్ని స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ 1938లోనే వివరించాడు. ఉత్తేజక పదార్థాలను అతిగా వాడేవారిలో అది తెలిసిన సంగతే. మందు మొదలుపెట్టాకో, మోతాదు పెంచాకో ‘ఒంటి మీద ఏదో పాకుతోంది’ అని పిల్లవాడు అంటే, దాన్ని గజ్జి అని ఊహించి మళ్లీ మళ్లీ పెర్మెత్రిన్ పూయకూడదు, మందు దుష్ఫలితమేనని ఊహించి చర్మం చూడకుండా వదిలేయనూ కూడదు. సొరంగాలు ఉన్నాయా, మచ్చలు చెయ్యి అందే చోట్ల మాత్రమే ఉన్నాయా, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అన్నవి తేడా పట్టిస్తాయి. మాత్రలను ఇంట్లోవారే ఆపేయకుండా, రాసిన వైద్యుడికి వెంటనే చెప్పాలి. చర్మాన్ని అదేపనిగా గిల్లుకునే అలవాటు కూడా ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. పురుగు చచ్చినా పుండు మానకపోవడానికి ఒక్కోసారి అదే కారణం.

ఇవన్నీ తెలిసిన వైద్యుడు చికిత్స రాసే తీరే మారుతుంది. మొదటి విడత తేదీతో పాటే రెండో విడత తేదీని కూడా చీటీ మీద రాసి, అది ఫోనులో అలారంగా పెట్టేదాకా కుటుంబాన్ని గదిలోనే కూర్చోబెట్టాలి. మందు పూసే పనిని ‘ఇంట్లోవారు’ అని వదిలేయకుండా ఒక మనిషి పేరుతో అప్పగించాలి. చల్లటి గదిలో, పిల్లవాడికి ఇష్టమైనదేదో చూస్తూ ఉండగా, పై నుంచి కాళ్ల వైపు ఒకే వరుసలో పూస్తే చోట్లు వదిలిపోవు. క్రీమ్ పూయడం ఎంతకీ సాధ్యం కాని ఇళ్లలో, 15 కిలోలకు పైబడిన పిల్లలకూ పెద్దలకూ ఐవర్‌మెక్టిన్ మాత్ర మంచి ప్రత్యామ్నాయం. కిలోకు 200 మైక్రోగ్రాముల చొప్పున వైద్యుడి పర్యవేక్షణలో రెండు విడతలుగా ఇస్తారు, గర్భిణులకు ఇవ్వరు. ఈ మందును కనుగొన్నందుకే సతోషి ఓమురా, విలియం కాంప్‌బెల్‌లకు 2015 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. హాస్టల్లో గజ్జి కనిపిస్తే ట్యూబులు పంచడంతో ఆగకుండా, గదిలో అందరికీ ఒకే పూట మాత్రలు మింగించడమో మందు పూయించడమో చేసి, వారానికి మళ్లీ అదే పని చేసేలా పట్టిక వేయాలి. మొదటి విడత పూర్తయిన మరునాటి నుంచి పిల్లవాడు తరగతికి వెళ్లవచ్చు. అతన్ని వేరుగా కూర్చోబెట్టాల్సిన అవసరం ఉండదు.

చర్మవైద్యుడు, మానసిక వైద్యుడు ఒకరి చీటీ ఒకరు చదవడం ఇక్కడ అన్నిటికంటే అవసరం. ఏడీహెచ్‌డీ అనుమానంతో వచ్చిన పిల్లవాడికి రాత్రి దురద ఉందేమో మానసిక వైద్యుడు అడగాలి. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం, 2013 నాటి డీఎస్ఎం-5 ప్రమాణాల ప్రకారం ఏడీహెచ్‌డీ లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలై, ఇల్లు, బడి వంటి రెండు చోట్లైనా కనిపించి, కనీసం ఆరు నెలలు నిలిచి ఉండాలి. నాలుగు నెలల కిందట దురదతో పాటు మొదలైన అల్లరికి ఆ పేరు పెట్టడం తొందరపాటే. ఏడీహెచ్‌డీ ఇప్పటికే ఉన్న పిల్లవాడి శ్రద్ధ ఉన్నట్టుండి దిగజారితే మిథైల్‌ఫెనిడేట్ మోతాదు పెంచే ముందు చొక్కా విప్పించి చూడాలి, ఇంట్లో ఎవరెవరు గోక్కుంటున్నారో అడగాలి. గజ్జి తేలితే రెండు విడతలూ పూర్తయ్యాక నాలుగో వారంలో మళ్లీ పిలిపించి, కొత్త సొరంగాలు లేవని చూసుకోవాలి. నిద్ర కుదుటపడ్డ తర్వాత ఉపాధ్యాయుల చేత, తల్లిదండ్రుల చేత శ్రద్ధ ప్రశ్నావళి మరోసారి నింపించి, మోతాదు గురించి అప్పుడు నిర్ణయించాలి.